మూసిన ఫైలు మళ్ళీ ఎందుకు తెరుచుకుంటోంది? కాటా రూమ్ ఎక్సెల్‌లో టైమర్ మాక్రో

ప్రశ్న:

నమస్తే సార్. బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, కాటా రూమ్‌లో పని చేస్తున్నాను. సీజన్‌లో ట్రాక్టర్లు, మినీ లారీలు రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి. బండి నంబరు, రైతు పేరు, లోడుతో బరువు, ఖాళీ బండి బరువు, నికర బరువు అన్నీ ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. నాకంటే ముందు పనిచేసిన అకౌంటెంట్ అన్న ఆ ఫైల్లో ఒక మాక్రో, అంటే ఎక్సెల్ చేత పని చేయించే చిన్న ప్రోగ్రాము, పెట్టి వెళ్ళారు. అది ప్రతి 10 నిమిషాలకు ఫైలు సేవ్ చేసి, ఆ రోజు మొత్తం టన్నులు షీటు పైన వేస్తుంది. పోయిన సీజన్ నుంచి దాంతో ఇబ్బందిగా ఉంది. సాయంత్రం కాటా ఫైలు మూసేసి పేమెంట్ల ఫైలు చూసుకుంటుంటే అది దానంతటదే మళ్ళీ తెరుచుకుంటోంది. ఒకసారి పేమెంట్ల షీటులో టన్నుల అంకె వచ్చి పడింది, అక్కడున్న అంకె పోయింది. కంట్రోల్ జెడ్ కొట్టినా రాలేదు. ఆపే బటన్ నొక్కితే 1004 ఎర్రర్ వస్తోంది. ఒక్కోసారి 10 నిమిషాల్లో రెండు మూడు సార్లు సేవ్ అవుతుంది, ఒక్కోసారి అరగంటైనా కాదు. మా సూపర్‌వైజర్ వైరస్ అంటున్నారు. మాక్రో తీసేయమంటారా? గూగుల్ షీట్స్‌కు మారమంటారా? ఒక సహోద్యోగి అప్లికేషన్.వెయిట్ వాడమంటున్నారు. ఫైలు నెట్‌వర్క్‌లో ఉంటుంది, మేనేజర్ గారు తన రూమ్ నుంచి తెరిచి చూస్తారు. మా ఫ్యాక్టరీకి రోజు ఉదయం 6కు మొదలవుతుంది, రాత్రి షిఫ్టు లెక్క కాపీ అప్పుడే ఆయనకు వెళ్ళాలి. మాక్రో లైన్లు జత చేశాను.

— ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు:

వైరస్ కాదమ్మా. మీరు పంపిన లైన్లన్నీ చదివాను. మీరు రాసిన ప్రతి ఇబ్బందికీ కారణం వాటిలోనే ఉంది. సీజన్ మొదలయ్యే లోపు ఒక పూట కూర్చుంటే సరిచేసుకోవచ్చు.

మీరు దీన్ని పట్టించుకుని ఉత్తరం రాయడం చాలా మంచి పని. 2025 సీజన్‌లో తోతాపురికి ఫ్యాక్టరీలు ఇచ్చే 8 రూపాయలకు ప్రభుత్వం 4 రూపాయలు కలిపి, కిలోకు 12 రూపాయలని ప్రకటించిన సంగతి మీకు తెలిసిందే. ఆ లెక్కన నికర బరువులో 100 కిలోలు అటూ ఇటూ అయితే 1,200 రూపాయలు. కాయ కోసి, ట్రాక్టరుకు బాడుగ కట్టి, బెంగళూరు రోడ్డు మీద క్యూలో రాత్రంతా నిలబడిన రైతు డబ్బు అది. ఆ అంకె మీ షీటులో ఎక్కడికక్కడ కదలకుండా ఉండాలి. అందుకే ఈ జవాబు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా, మీ మాక్రోలో అసలు పని చేసే లైను అప్లికేషన్.ఆన్‌టైమ్. చాలామంది దీన్ని ఫైల్లో తిరిగే గడియారం అనుకుంటారు. కాదు. ఫలానా టైముకు ఫలానా మాక్రో నడుపు అని ఎక్సెల్ ప్రోగ్రాముకు చెప్పి ఉంచే మాట అది. ఆ మాట ఉండేది ఎక్సెల్ దగ్గర, మీ ఫైల్లో కాదు. పాలవాడికి రేపు రెండు ప్యాకెట్లు వెయ్యమని చెప్పి, తర్వాత వద్దని చెప్పకుండా ఊరెళ్ళిపోతే ఏమవుతుంది? తాళం వేసిన ఇంటి ముందు ప్యాకెట్లు పడతాయి. ఎక్సెల్ చేసేదీ అదే. టైము వచ్చింది, నడపాల్సిన మాక్రో ఉన్న ఫైలు మూసి ఉంది, కాబట్టి ఫైలు తెరిచి మరీ నడుపుతుంది.

"నేను ఎక్సెల్ మూసేశాను కదా" అని మీకు అనిపిస్తుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఎక్సెల్ 2013 నుంచి ఒక్కో ఫైలు ఒక్కో విండోలో తెరుచుకుంటుంది. కాటా ఫైలు విండోలో మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే ఆ ఫైలు ఒక్కటే మూసుకుంటుంది. పక్కన పేమెంట్ల ఫైలు తెరిచి ఉన్నంతసేపు ఎక్సెల్ నడుస్తూనే ఉంటుంది, మీరు చెప్పి ఉంచిన టైమూ దాని దగ్గర అలాగే ఉంటుంది. అన్ని ఫైళ్ళూ మూసి ఎక్సెల్‌ను పూర్తిగా ఆపేస్తే మాత్రం చెప్పినవన్నీ పోతాయి. ఈ సీజన్‌లో ఎప్పుడైనా గందరగోళం అనిపిస్తే మొదట చేయాల్సింది అదే. అన్నీ సేవ్ చేసి, అన్ని ఫైళ్ళూ మూసి, మళ్ళీ తెరవండి. చెప్పి ఉంచిన టైములు ఏమేం ఉన్నాయో లిస్టులా చూసుకునే చోటు ఎక్సెల్‌లో ఎక్కడా లేదు. అందుకే ఏ టైము చెప్పామో మాక్రోనే గుర్తు పెట్టుకోవాలి.

మీ 1004 ఎర్రర్ వచ్చేది సరిగ్గా ఇక్కడే. చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలంటే అదే ఆన్‌టైమ్ లైను మళ్ళీ రాసి, చివర ఫాల్స్ అని పెట్టాలి. కానీ ఎక్సెల్ ఒక షరతు పెడుతుంది. మాక్రో పేరూ, టైమూ రెండూ మొదట చెప్పినవాటితో కచ్చితంగా కలవాలి. మీ ఫైల్లో ఆపే బటన్ వెనుక ఏముందో చూడండి. "నౌ + 10 నిమిషాలు" అని మళ్ళీ కొత్తగా లెక్క వేస్తోంది. 11:30కు మొదలుపెట్టినప్పుడు ఎక్సెల్‌కు చెప్పింది 11:40. మీరు ఆపే బటన్ నొక్కింది 11:34కు. అది పోయి 11:44ను రద్దు చేయమంటోంది. 11:44కు ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి ఎక్సెల్ 1004 అంటుంది. 11:40 మాత్రం అలాగే ఉంటుంది.

మందు సులువే. చెప్పిన టైమును ఒక వేరియబుల్‌లో (మాక్రో ఒక విలువను గుర్తుంచుకునే పేరు) దాచి, ఆపేటప్పుడు దాన్నే వాడాలి. కింది లైన్లు తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు మాత్రం మీ మాక్రోలో ఉన్నట్టే ఇంగ్లీషులో కొట్టండి. ఇవి షీటు వెనుక ఉండే కోడ్ విండోలో కాకుండా, ఇన్సర్ట్ మెనూలో మాడ్యూల్ నొక్కితే వచ్చే మామూలు మాడ్యూల్‌లో ఉండాలి.

పబ్లిక్ నెక్స్ట్‌రన్ యాజ్ డేట్

సబ్ టైమర్‌మొదలు()
ఇఫ్ దిస్‌వర్క్‌బుక్.రీడ్‌ఓన్లీ దెన్ ఎగ్జిట్ సబ్
టైమర్‌ఆపు
నెక్స్ట్‌రన్ = నౌ + టైమ్‌సీరియల్(0, 10, 0)
అప్లికేషన్.ఆన్‌టైమ్ నెక్స్ట్‌రన్, "బ్యాకప్‌తీయి"
ఎండ్ సబ్

సబ్ టైమర్‌ఆపు()
ఇఫ్ నెక్స్ట్‌రన్ = 0 దెన్ ఎగ్జిట్ సబ్
ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్
అప్లికేషన్.ఆన్‌టైమ్ నెక్స్ట్‌రన్, "బ్యాకప్‌తీయి", , ఫాల్స్
నెక్స్ట్‌రన్ = 0
ఎండ్ సబ్

ఫాల్స్‌కు ముందు రెండు కామాలు ఎందుకంటే, మధ్యలో మనం వదిలేసిన ఖాళీ ఒకటుంది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను. టైమ్‌సీరియల్‌లో మూడు అంకెలు గంట, నిమిషం, సెకను. ఆపే మాక్రోలో ఎర్రర్‌ను దాటేసే లైను కావాలనే పెట్టాను. బ్యాకప్ నడిచాక అదే టైమును మళ్ళీ రద్దు చేయబోతే, అప్పటికే అయిపోయింది కాబట్టి 1004 వస్తుంది. అక్కడ దాంతో మనకు పని లేదు. మిగతా చోట్ల మాత్రం ఆ లైను వాడకండి, అసలు తప్పులు కనబడకుండా పోతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఏ మాక్రోలో ఎర్రర్ వచ్చి డబ్బా తెరుచుకున్నా, అందులో ఎండ్ నొక్కితే పబ్లిక్ వేరియబుల్స్ అన్నీ ఖాళీ అయిపోతాయి. నెక్స్ట్‌రన్ సున్నా అవుతుంది, ఎక్సెల్ దగ్గర ఉన్న మాట మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు మీ దగ్గర దాన్ని రద్దు చేసే ఆధారం ఉండదు. అందుకని కొందరు ఆ టైమును ఒక దాచిన షీటులో సెల్‌లో రాసి పెడతారు. మీ ఫైలుకు అది వద్దంటాను. కారణం మీ కంట్రోల్ జెడ్ సమస్యే, అక్కడికి వస్తున్నాను. ఎండ్ నొక్కాల్సి వస్తే ఎక్సెల్‌ను పూర్తిగా మూసి తెరవడమే మీకు తేలిక.

రెండు మూడు సార్లు సేవ్ కావడానికి కారణం మొదలుపెట్టే బటన్. ఆన్‌టైమ్ ఒకసారి చెప్తే ఒకసారే నడుస్తుంది. మళ్ళీ మళ్ళీ నడవాలంటే ఆ మాక్రోనే చివర్లో తర్వాతి టైము చెప్పుకోవాలి. అలా ఒక గొలుసు నడుస్తుంటుంది. పని చేస్తోందో లేదో అని మీరు బటన్ మళ్ళీ నొక్కారనుకోండి, రెండో గొలుసు మొదలవుతుంది. షిఫ్టు మారి, వచ్చినవాళ్ళు కూడా నొక్కితే మూడోది. పై లైన్లలో మొదలుపెట్టే ముందే ఆపే మాక్రోను పిలిచింది అందుకే. ఎన్నిసార్లు నొక్కినా గొలుసు ఒక్కటే ఉంటుంది.

రీడ్‌ఓన్లీ లైను ఎందుకంటే, మీ ఫైలు నెట్‌వర్క్‌లో ఉందని, మేనేజర్ గారు తన రూమ్ నుంచి తెరిచి చూస్తారని రాశారు కదా. మీరు తెరిచి ఉంచిన ఫైలు ఆయనకు చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. అయినా ఫైలు తెరవగానే నడిచే మాక్రో ఆయన కంప్యూటర్లోనూ నడుస్తుంది. ఆయన ఎక్సెల్ కూడా 10 నిమిషాలకోసారి తన పని చేసుకుపోతుంది. ఆ ఒక్క లైనుతో అది ఆగుతుంది.

ఇక అరగంటైనా నడవకపోవడం. ఎక్సెల్ టైము కాగానే మాక్రో నడపాలంటే తీరిగ్గా ఉండాలి. ఎవరైనా సెల్‌లో టైప్ చేస్తూ మధ్యలో వదిలేస్తే, కర్సరు మినుకు మినుకుమంటూ ఉన్నంతసేపు అది మాక్రో నడపదు. మీ పని తీరు చూస్తే ఇది రోజూ జరిగేదే. ట్రాక్టరు కాటా ఎక్కుతుంది. మీరు నంబరు కొడతారు, ఏపీ 03 అని మొదలయ్యే పాత బండి. బరువు అంకె ఇంకా ఊగుతూ ఉంటుంది. సెల్‌లో సగం కొట్టి అంకె నిలిచేదాకా ఆగుతారు. ఆలోపు డ్రైవరు బండి సరిగ్గా ఎక్కించలేదని కేకలు, మీరు లేచి కిటికీ దగ్గరికి వెళ్తారు. సెల్ అలాగే తెరిచి ఉంటుంది. 11:40కు నడవాల్సింది మీరు వచ్చి ఎంటర్ కొట్టాక 11:52కు నడుస్తుంది. అది లోపం కాదు, మీకు మేలే. మీరు కొడుతున్న అంకె మీద అది పడకుండా ఆగింది.

ఆన్‌టైమ్‌లో మధ్యన వదిలేసిన ఖాళీ దీని కోసమే. అక్కడ ఆఖరి గడువు ఇవ్వొచ్చు. 11:41 లోపు వీలు కాకపోతే ఈసారికి వద్దులే అని చెప్పడం అన్నమాట. వినడానికి బాగుంటుంది కానీ, గొలుసులా నడిచే మాక్రోలో దాన్ని పెట్టకండి. గడువు దాటి ఆ ఒక్కసారి నడవలేదంటే, తర్వాతి టైము చెప్పే లైను కూడా ఆ మాక్రోలోనే ఉంది కాబట్టి అదీ నడవదు. గొలుసు అక్కడితో తెగిపోతుంది. స్క్రీన్ మీద ఏ ఎర్రరూ రాదు. బ్యాకప్ ఆగిపోయిందని ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది పేమెంట్ల షీటులో పడిన అంకె. మీ మాక్రోలో లైను "రేంజ్ బీ2 = మొత్తం" అని ఉంది. ఏ ఫైలు, ఏ షీటు అని లేదు. మామూలు మాడ్యూల్‌లో అలా రాస్తే, ఆ క్షణంలో తెర మీద ముందున్న షీటు ఏదైతే అందులో రాస్తుంది. బటన్ నొక్కి నడిపే మాక్రోలో ఇది బయటపడదు, ఎందుకంటే బటన్ నొక్కేటప్పుడు మనం ఆ షీటులోనే ఉంటాం. టైముకు నడిచే మాక్రోకు మీరు ఎక్కడున్నారో తెలియదు. మీరు పేమెంట్ల ఫైల్లో రైతుకు కట్టాల్సిన మొత్తం చూస్తుంటే, అక్కడి బీ2లోనే టన్నులు రాసేసింది. టైమర్ మీద నడిచే ప్రతి లైన్లో దిస్‌వర్క్‌బుక్, తర్వాత వర్క్‌షీట్స్, అందులో షీటు పేరు, ఆ తర్వాతే రేంజ్ రావాలి. యాక్టివ్‌షీట్, యాక్టివ్‌వర్క్‌బుక్, సెలెక్షన్ అనే మాటలు ఆ మాక్రోలో ఒక్కటి కూడా ఉండకూడదు. కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతకండి.

ఇప్పుడు కంట్రోల్ జెడ్. మాక్రో ఏదైనా సెల్‌లో ఒక్క అంకె మార్చినా, అప్పటిదాకా మీరు చేసిన పనుల అన్‌డూ జాబితా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఎక్సెల్ కట్టుబాటే అది. బటన్ మాక్రో అయితే నొక్కింది మీరే కాబట్టి కనీసం తెలుస్తుంది. టైమర్ మాక్రో మీకు చెప్పకుండా 10 నిమిషాలకోసారి ఆ జాబితాను చెరిపేస్తోంది. పొరపాటున వరుస మొత్తం డిలీట్ చేశారు, మరుక్షణం మాక్రో నడిచింది, ఇక ఆ వరుస వెనక్కి రాదు. నెక్స్ట్‌రన్‌ను సెల్‌లో రాయొద్దన్నది కూడా ఇందుకే.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. టైమర్ మాక్రో ఉండనివ్వండి, కానీ దాన్ని సెల్స్ ముట్టుకోనివ్వకండి. ఈ ఒక్క మార్పుతో మీ ఇబ్బందుల్లో సగం పోతాయి.

మొత్తం టన్నులకు మాక్రో అక్కర్లేదు. సమ్‌ఇఫ్స్ ఫార్ములా చాలు. నికర బరువు కాలమ్‌ను, తేదీ కాలమ్‌ను చూపించి, షీటు పైన ఒక సెల్‌లో ఉన్న తేదీతో పోల్చమనండి. బరువు ఎక్కించి ఎంటర్ కొట్టగానే మొత్తం మారుతుంది, 10 నిమిషాలు ఆగే పని లేదు. ఆ తేదీ దగ్గర టుడే ఫార్ములా పెట్టకండి. మీ ఫ్యాక్టరీకి రోజు ఉదయం 6కు మొదలవుతుందని రాశారు. టుడే అర్ధరాత్రి 12కే మారిపోయి, రాత్రి షిఫ్టు లెక్కను రెండు ముక్కలు చేస్తుంది. షిఫ్టు మొదలయ్యేటప్పుడు తేదీ చేత్తో వేయండి, వరుసల్లో కూడా అదే షిఫ్టు తేదీ రాయండి. బండి వచ్చిన గంటకు వేరే కాలమ్ పెట్టుకుని, అందులో కంట్రోల్, షిఫ్ట్, సెమికోలన్ మూడూ కలిపి నొక్కండి, అప్పటి టైము పడి అలాగే ఉంటుంది. నౌ ఫార్ములా పెడితే షీటు లెక్క వేసుకున్న ప్రతిసారీ టైము మారిపోతుంది. రైతు చీటీలో ఒక టైము, మీ షీటులో ఇంకో టైము ఉంటే తగవే.

సేవ్ చేయడం కూడా గడియారానికి వదలొద్దు. మీ దగ్గర దానికి సరైన సమయం ఇప్పటికే ఉంది. ఖాళీ బండి రెండోసారి కాటా ఎక్కి, నికర బరువు తేలి, మీరు చీటీ ప్రింట్ బటన్ నొక్కే క్షణం అది. ఆ బటన్ వెనుకున్న మాక్రోలో చివర దిస్‌వర్క్‌బుక్.సేవ్ అని ఒక లైను చేర్చండి. రైతు చేతిలో చీటీ పడిందంటే అంకె డిస్కులోకి వెళ్ళిందన్నమాటే. గాలివానకు కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసినా పోయేది కాటా మీదున్న ఒక్క బండి లెక్క మాత్రమే. ఎక్సెల్‌కు సొంతంగా ఆటోరికవర్ ఉంది, మామూలుగా 10 నిమిషాలకోసారి అది తెరిచి ఉన్న ఫైలుకు రికవరీ కాపీ దాచుకుంటుంది. దాన్ని ఆపకండి. కానీ సేవ్ చేయడానికి బదులుగా దాన్ని నమ్మకండి.

మరి టైమర్‌కు మిగిలిన పనేంటి? బ్యాకప్. సేవ్‌కాపీయాజ్ అనే లైను, తెరిచి ఉన్న ఫైలును కదిలించకుండా, దాని కాపీ ఒకటి వేరే చోట రాస్తుంది. సేవ్‌యాజ్ వాడకండి. అది వాడితే మీరు తర్వాత కొట్టేవన్నీ కొత్త పేరున్న ఫైల్లోకి పోతాయి, పాత ఫైలు అక్కడే ఆగిపోతుంది. కాపీ పేరులో తేదీ, గంట, నిమిషం, సెకను వచ్చేలా పెట్టండి. ఆ ఫోల్డరు అదే కంప్యూటరు అదే డిస్కులో ఉంటే ప్రయోజనం సగమే. ఆఫీసు రూమ్ కంప్యూటర్లో ఉన్న ఫోల్డరుకు పంపండి. బ్యాకప్‌తీయి మాక్రో మొత్తం ఇంతే:

సబ్ బ్యాకప్‌తీయి()
ఆన్ ఎర్రర్ గోటూ బయటికి
ఇఫ్ అప్లికేషన్.కట్‌కాపీమోడ్ = ఫాల్స్ దెన్ దిస్‌వర్క్‌బుక్.సేవ్‌కాపీయాజ్ బ్యాకప్‌పేరు
బయటికి:
ఇఫ్ ఎర్ర్.నంబర్ <> 0 దెన్ అప్లికేషన్.స్టేటస్‌బార్ = "బ్యాకప్ కాలేదు" ఎల్స్ అప్లికేషన్.స్టేటస్‌బార్ = ఫాల్స్
టైమర్‌మొదలు
ఎండ్ సబ్

బ్యాకప్‌పేరు అన్నది ఫోల్డరూ, ఫైలు పేరూ కలిపి ఇచ్చే చిన్న ఫంక్షన్, అది మీ ఫైల్లో ఇప్పటికే ఉంది. కట్‌కాపీమోడ్ లైను సంగతి చెప్పాలి. మీరు ఏదైనా కాపీ చేసి, చుట్టూ చుక్కల గీత కదులుతూ ఉండగా కూడా ఎక్సెల్ టైమర్ మాక్రోను నడుపుతుంది. సెల్‌లో టైప్ చేస్తుంటే ఆగుతుంది కానీ, కాపీ మధ్యలో ఆగదు. ఆ సమయంలో మాక్రో ఏదో చేయడం, మీరు పేస్ట్ చేయబోతే ఏమీ లేకపోవడం జరుగుతుంటుంది. అందుకే ఎవరో కాపీ మధ్యలో ఉంటే ఈసారికి వదిలేస్తున్నాం. తర్వాతి 10 నిమిషాలకు ఎలాగూ వస్తుంది. ఎర్రర్ వచ్చినా, రాకపోయినా మాక్రో చివరి లైనుకు చేరుతుంది, గొలుసు తెగదు. ఆఫీసు కంప్యూటరు ఆపేసి ఉంటే కింద స్టేటస్ బార్‌లో "బ్యాకప్ కాలేదు" అని కనిపిస్తుంది.

అక్కడ మెసేజ్ డబ్బా పెట్టాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్‌లో ఇలాంటిదే చూశాను. 24 గంటల చెకౌట్ టైము దగ్గరపడిన రూములు గుర్తు చేయడానికి టైమర్ మాక్రో పెట్టి, ప్రతి రూముకూ మెసేజ్ డబ్బా వచ్చేలా రాశారు. తెల్లవారుజామున కొండకు వెళ్ళే యాత్రికుల రద్దీలో రిసెప్షన్ అబ్బాయి కౌంటరు వదిలి వెళ్ళాడు. మొదటి డబ్బా ఓకే కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. దాని వెనుక రావాల్సిన రూములేవీ రాలేదు. మనిషి దగ్గర లేనప్పుడు కూడా నడవాల్సిన మాక్రో, మనిషి ఓకే నొక్కేదాకా ఆగేలా ఉండకూడదు.

ఇప్పుడు తెరవడం, మూయడం. దిస్‌వర్క్‌బుక్ కోడ్ విండోలో వర్క్‌బుక్‌ఓపెన్‌లో టైమర్‌మొదలు పిలవండి. కరెంటు పోయి వచ్చాక ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు. మూసేటప్పుడు నడిచే బిఫోర్‌క్లోజ్‌లో టైమర్‌ఆపు పిలవాలి. ఈ ఒక్కటి లేకనే మీ ఫైలు సాయంత్రాలు తిరిగి తెరుచుకుంటోంది. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. "సేవ్ చేయమంటారా" అని ఎక్సెల్ అడిగే ముందే బిఫోర్‌క్లోజ్ నడిచిపోతుంది. అప్పుడు మీరు క్యాన్సిల్ నొక్కితే ఫైలు తెరిచే ఉంటుంది, టైమర్ మాత్రం ఆగిపోయి ఉంటుంది. మీ ఫైల్లో "సేవ్ చేయొద్దు" అనాల్సిన అవసరం ఎప్పుడూ రాదు కాబట్టి, బిఫోర్‌క్లోజ్‌లో మొదట దిస్‌వర్క్‌బుక్.సేవ్, తర్వాత టైమర్‌ఆపు అని వరుసగా పెట్టండి. ఇక ఎక్సెల్ అడగడానికేమీ ఉండదు. రీడ్‌ఓన్లీగా తెరిచిన మేనేజర్ గారికి ఆ సేవ్ లైను ఇబ్బంది పెడుతుంది, అక్కడా రీడ్‌ఓన్లీ కాకపోతేనే అని ఒక షరతు చేర్చండి.

రాత్రి షిఫ్టు లెక్క ఉదయం 6కు మేనేజరుకు కాపీ వెళ్ళాలని అడిగారు. అలాంటి నిర్ణీత టైముకు "టైమ్‌వాల్యూ 6 గంటలు" అని మాత్రమే రాసి వదిలేయకండి. తేదీ కూడా కలపండి. సాయంత్రం చెప్తుంటే డేట్ + 1 + టైమ్‌సీరియల్(6, 0, 0). అది రేపు ఉదయం 6 అని ఏ అనుమానం లేకుండా చెప్పినట్టవుతుంది. దీనికి వేరే వేరియబుల్, వేరే ఆపే మాక్రో ఉండాలి, నెక్స్ట్‌రన్‌తో కలపొద్దు. అలాగే కంప్యూటర్ స్లీప్‌లోకి పోకుండా విండోస్ పవర్ సెట్టింగుల్లో మార్చండి. స్లీప్‌లో ఉంటే ఎక్సెల్ కూడా నిద్రలోనే ఉంటుంది, 6 గంటల పని ఎవరో మౌస్ కదిలించాకే అవుతుంది.

మీ సహోద్యోగి అప్లికేషన్.వెయిట్ వాడమన్నారని రాశారు. కాటా రూమ్‌కు అది అస్సలు పనికిరాదు. వెయిట్ నడుస్తున్నంతసేపు ఎక్సెల్ మొత్తం బిగుసుకుపోతుంది, మీరు ఒక్క అక్షరం కొట్టలేరు. కాటా మీద ట్రాక్టరు, వెనుక హారన్లు, ముందు కదలని స్క్రీన్. ఆన్‌టైమ్ అయితే టైము వచ్చేదాకా మీ చేతులు ఖాళీగానే ఉంచుతుంది.

గూగుల్ షీట్స్ సంగతి. అక్కడ టైము ప్రకారం నడిచే పనులను ట్రిగ్గర్లు అంటారు. అవి గూగుల్ సర్వర్లలో నడుస్తాయి. మీ కంప్యూటర్ ఆపేసినా, ఫైలు మూసినా వాటికి పట్టదు. ఇది ఎక్సెల్‌లో లేని గొప్ప సౌకర్యం. అయితే రోజుకోసారి నడిచే ట్రిగ్గరుకు సరిగ్గా 6:00 అని చెప్పలేం, 6 నుంచి 7 మధ్య అని గంట ఎంచుకుంటాం, ఆ గంటలో ఏదో ఒక నిమిషానికి నడుస్తుంది. ఒక్కో పనికి గరిష్ఠంగా 6 నిమిషాలే. పైగా ఇంటర్నెట్ పోతే కాటా దగ్గర పని తడబడుతుంది. సీజన్ మధ్యలో ఆ రిస్కు తీసుకోవద్దంటాను. బరువులు ఎక్కించడం ఎక్సెల్‌లోనే ఉంచండి. రోజు ముగిశాక మొత్తాలు మాత్రం గూగుల్ షీటులో పెట్టి, మేనేజరుకు మెయిల్ వెళ్ళే పని ట్రిగ్గరుకు ఇవ్వొచ్చు. ఆ పనికి ఒక గంట అటూ ఇటూ అయినా నష్టం లేదు.

మార్పులు చేసేటప్పుడు అసలు ఫైలు ముట్టుకోకండి. దాని కాపీ ఒకటి తీసుకుని, 10 నిమిషాలను 20 సెకన్లుగా మార్చి, టైమ్‌సీరియల్(0, 0, 20) అని పెట్టి పరీక్షించండి. కాపీకి వేరే పేరు పెట్టండి, బ్యాకప్ వెళ్ళే ఫోల్డరూ వేరేది పెట్టండి. మొదలు బటన్ వరుసగా నాలుగుసార్లు నొక్కి, ఫోల్డర్లో ఒక్కో విడతకు ఒక్క ఫైలే వస్తోందా చూడండి. సెల్‌లో సగం కొట్టి వదిలేసి చూడండి. ఇంకో ఫైలు తెరిచి ఉంచి, కాటా ఫైలు మూసి, రెండు మూడు నిమిషాలు గమనించండి. తిరిగి తెరుచుకోకపోతే బిఫోర్‌క్లోజ్ పని చేసినట్టే. పేమెంట్ల ఫైలు కాపీని ముందు పెట్టుకుని టైమర్ నడవనిచ్చి, బీ2 కదలలేదని మీ కళ్ళతో చూశాకే 20 సెకన్లను మళ్ళీ 10 నిమిషాలు చేసి, ఫోల్డరు పేరు సరిచేసి, అసలు ఫైల్లో పెట్టండి.

ఇంకొక్క మాట. సరిచేసిన ఫైలును వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఆఫీసు కంప్యూటరుకు పంపితే అక్కడ మాక్రోలు నడవకపోవచ్చు. 2022 నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్ళలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ మామూలుగానే ఆపేస్తోంది. అలా అయితే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి కాపీ చేస్తే సాధారణంగా ఆ తలనొప్పి రాదు.